కొలిచే పనికైన కరెంటు

గద్వాల నుంచి వనపర్తి వెళ్లే బస్సులో, నా పక్కనున్న అమ్మాయి ల్యాప్‌టాప్ చూస్తూ దిగాలుపడిపోయింది. ఏమైందని అడిగాను.

"మేం చానామందిమి కలిసి ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్ రాస్తమక్కా. జర మార్చినా ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లు దాన్ని మొత్తం మళ్ల పరీక్షిస్తయి. దానికెంత కరెంటు కాలుతదో, గాలి ఎంత పాడైతదో నేను కొలుస్తున్న. తీరా చూస్తే, ఆ పరీక్షలకన్నా నా కొలుసుడుకే ఎక్కువ కరెంటు అయితున్నది."

"ఎవరికి తెలుస్తది? అదొక్కటి చెప్పకు," అన్నాను.

"చెప్పకుంటే ఇగ కొలుసుడెందుకక్కా?"

నెలల కష్టాన్ని తోటివాళ్లు పక్కన పడేస్తారేమోనని భయపడుతూనే ఆ సంగతి వాళ్లకు రాసి పంపింది. పెబ్బేరు దగ్గర జవాబొచ్చింది.

"ముందు గదే సరిచేద్దామంటున్నరు. నన్నే చెయ్యమన్నరు," అంటూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

ఆమె పేరడగలేదు. ఇప్పుడు నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలెవరైనా తమ తప్పు తామే వచ్చి చెబితే, కోప్పడబోయి ఆగిపోతాను.