బల్లకింద డిటెక్టివు

టీవీలో ఎవరూ చూడని ఓ జపాన్ యానిమే కార్టూను సీరియలంటే దర్జీకి ప్రాణం. వారానికో కేసు. అందులోని తిక్క డిటెక్టివు బల్లకింద పడుకుంటే తప్ప ఆలోచించలేడు. దర్జీ మాత్రం కథ మొదలవగానే "వీడే దొంగ!" అని తేల్చేస్తాడు. ఒక్కనాడూ నిజమైన పాపాన పోలేదు.

నిన్న కొట్లో దారాలు తెంపే బుల్లి కత్తెర కనిపించలేదు. దర్జీ బల్లకింద దూరి, జుట్టునిండా దారప్పోగులతో బయటికొచ్చాడు.

"మీ తమ్ముడే తీశాడు!" అన్నాడు భార్యతో.

"హమ్మయ్య! అయితే వాడు కాదు," అందావిడ, కాజాలు కుట్టుకుంటూనే.

దర్జీకి ఒళ్ళు మండింది. "ఎవరు తీస్తేనేం, నా దగ్గరైతే లేదు. ఒట్టు!"

ఆవిడ సూది పక్కనపెట్టి లేచి, నేరుగా అతని జేబులోంచి కత్తెర తీసింది.

"మీరుండగా నాకు డిటెక్టివెందుకండీ?"