వెనక బెంచీ గొంతు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. మా వీధిలో ఎవరికైనా జ్వరం వస్తే గాలి సోకిందనేవాళ్ళు, దిష్టి తీసేవాళ్ళు. నేను మాత్రం అంగడికి పోయి మాత్ర తెచ్చి మింగించేదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే లేవనే చెప్తాను. ఇది రాయడానికి ఇన్నేళ్ళు వెనకాడింది కూడా అందుకే. రాస్తే నన్నూ వాళ్ళలో కలిపేస్తారు.

మాది బెంగుళూరు. తాతల కాలంనుంచీ పేటలో మగ్గాల ఇల్లు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లీషు. నేనూ, మా శారదక్కా ఇద్దరం ఇంగ్లీషు టీచర్లమే, వేరువేరు ప్రైవేటు స్కూళ్ళలో. తొంభైల చివర్లో మహదేవపురలో ఒక కిరాణా అంగడి మీద హాలు అద్దెకు తీసుకుని, ఆదివారం పొద్దున ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవాళ్ళం.

మా పద్ధతి ఒకటుండేది. నేను ముందు నిలబడి ఒక వాక్యం చెప్తాను, అందరూ కలిసి తిరిగి అనాలి. చిన్నపిల్లలైతే గొంతు చించుకుని అరుస్తారు. పెద్దవాళ్ళకు సిగ్గు. నోట్లో నోట్లోనే గొణుక్కుంటారు. అందుకని అక్క వెళ్ళి వెనక బెంచీలో వాళ్ళ మధ్యే కూర్చునేది. వాళ్ళకంటే ఒక్క క్షణం ఆలస్యంగా, గట్టిగా, ఆఖరి మాటను కాస్త పైకి లేపి అనేది. ఆ గొంతు పట్టుకుని మిగతావాళ్ళ నోళ్ళు తెరుచుకునేవి. మా నాన్న ఒకసారి వచ్చి మెట్ల మీద నిలబడి విని, "ఏం పాపా, ఇంగ్లీషు చెప్తా ఉండారా, భజన చేస్తా ఉండారా?" అని నవ్వాడు.

మా ఇద్దరి గొంతులూ ఒకటే. ఫోనులో మాట్లాడితే అమ్మ కూడా "ఎవరే, పెద్దదా చిన్నదా?" అని అడిగి తెలుసుకునేది.

ఆ రోజుల్లో మాలాంటి టీచర్లకు బయటిదేశాల పిచ్చి పట్టింది. మాల్దీవులు, ఇథియోపియా, ఒమాన్. స్టాఫ్ రూములో అదే మాట. ఎక్కడ బియ్యం దొరుకుతుంది, ఎక్కడ చలి ఎక్కువ, ఆడమనిషి ఒంటరిగా ఎక్కడ ఉండగలదు. కాటన్ చీర కట్టుకుని ఏ దేశంలో పాఠం చెప్పొచ్చో కూడా లెక్కేసుకునేవాళ్ళం. పోయి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, తెలియనట్టు మాట్లాడేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

అక్కకు ముందు ఉద్యోగం వచ్చింది. మాల్దీవుల్లో ఒక చిన్న దీవి. ఆమె వెళ్ళిన కొన్ని నెలలకు నన్ను కూడా ఎంపిక చేశారు. ఏజెంటు నా ముందు రెండు చోట్లు పెట్టాడు. ఒకటి అక్క దీవికి దగ్గరలోనే మరో దీవి. రెండోది ఇథియోపియాలో కొండమీది ఊరు. ఏదో ఒకటి త్వరగా తేల్చమన్నాడు.

నా మనసు కొండ ఊరి మీదే ఉంది. వాతావరణం మా పాత బెంగుళూరులాగే చల్లగా ఉంటుందని చెప్పారు. సముద్రమంటే నాకు సరిపడదు, చుట్టూ నీళ్ళే ఉంటే ఊపిరాడదు. అక్క మాత్రం ఫోను చేసినప్పుడల్లా ఒకటే పాట. "ఈడ అంతా బాగుండాది వసూ. చేపలుండాయి, కరివేపాకు కూడా ఉండాది. పిల్లోళ్ళు బంగారం. మన మాట మాట్లాడేకి మనిషి లేదు, అంతే. నువ్వు వచ్చేయప్పా." నేను చూద్దాంలే అనేదాన్ని.

అక్క పోయాక కూడా ఆదివారం క్లాసు నడుపుతూనే ఉన్నాను. వెనక బెంచీ ఖాళీ. అందరినీ ముందుకు జరిపి కూర్చోబెట్టాను.

వానాకాలంలో మొదటిసారి గమనించాను. నేను వాక్యం చెప్పాను, అందరూ అన్నారు. వాళ్ళు అనేశాక, ఒక్క క్షణం ఆలస్యంగా, వెనకనుంచి ఇంకొక గొంతు. ఆఖరి మాట కాస్త పైకి లేచింది. హాలు వెనకంతా ఖాళీగా ఉంది కదా, గోడకు తగిలి తిరిగొచ్చిందనుకున్నాను. రెండో వాక్యానికి రాలేదు. మూడోదానికి వచ్చింది. గోడకు తగిలేదైతే ప్రతిసారీ రావాలి. అయినా పట్టించుకోలేదు. అక్కమీద బెంగ, అంతే అనుకుని నన్ను నేనే కసురుకున్నాను.

బెంగ అని సరిపెట్టుకునేదాన్నే, మునిరత్నమ్మ లేకపోతే. ఆమె కాడుగోడినుంచి వచ్చేది, గార్మెంట్స్‌లో టైలరు. ఊహల్లో తేలే మనిషి కాదు. ఆ రోజు క్లాసు అయ్యాక మెట్లు దిగుతూ మామూలుగా అడిగింది. "టీచర్, పెద్ద టీచర్ ఎప్పుడొచ్చినారు? ఎనక అంటా ఉండినారు కదా, తిరిగి చూస్తే కనపడలేదు. అప్పుడే దిగి పోయినారా?"

అక్క రాలేదని చెప్తే ఆమె నమ్మలేదు. నేను సుమ్నే, ఊరికే దాస్తున్నాననుకుంది.

అక్కకు ఫోను చేసినప్పుడు దీన్ని తమాషాగా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఇలా అంది. "ఈడ శుక్రవారమే సెలవు వసూ, ఆదివారం బడి ఉండాది. ఫస్టు పీరియడు నేను ముందర నిల్చుకొని చెప్తా ఉంటా. ఎనక ఎవరూ లేరు. అప్పుడు మనసు ఆడికే వచ్చేస్తాది, మన హాలుకి. నేనేం చేసేదప్పా?"

ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది. దయ్యమూ భూతమూ కాదు, మా అక్క ఒంటరిగా ఉంది. అంతవరకే అర్థం చేసుకున్నాను. మర్నాడే ఏజెంటు దగ్గరికి పోయి దీవికే వెళ్తానని చెప్పేశాను. అమ్మ దేవుడి ముందు దీపం పెట్టింది. నా కాగితాలు కదిలాయి. అక్క ఫోనులో చిన్నపిల్లలా సంబరపడింది, వచ్చేటప్పుడు చింతపండు తెమ్మంది.

కాగితాలు ఇంకా రాలేదు. ఎండాకాలం మొదలైంది.

ఆ ఆదివారం నేను చెప్తున్నది చాలా మామూలు పాఠం, ఇతరులను మర్యాదగా ఒక పని అడగటం. ప్లీజ్ గివ్ మీ సమ్ వాటర్. ప్లీజ్ క్లోజ్ ద డోర్. ప్లీజ్ ఓపెన్ ద విండో. అందరూ అన్నారు. వెనకనుంచి ఆ గొంతు వచ్చింది. ఈసారి ఆలస్యంగా కాదు, అందరితోపాటే వచ్చింది.

తరువాతి వాక్యం చెప్పడానికి నోరు తెరిచాను. నేను ఇంకా ఏమీ అనలేదు. వెనకనుంచి గొంతు మళ్ళీ అంది. ప్లీజ్ ఓపెన్ ద విండో. మళ్ళీ అంది. ఆఖరి మాట ఈసారి పైకి లేవలేదు, కిందికి జారిపోయింది.

అందరూ విన్నారు. ఒక్కరు కూడా తిరిగి చూడలేదు. మునిరత్నమ్మ లేచి, నన్ను అడగకుండా, వెనకనున్న కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్కలు తెరిచింది. బయట ఎండ, లారీల చప్పుడు. ఆ తరువాత గొంతు రాలేదు.

ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి దీవికి ఫోను చేశాను. లైను కలవలేదు. అక్కడే కూర్చుని చేస్తూనే ఉన్నాను. బూత్ ఆయన పాపం, వేరేవాళ్ళు వస్తే వాళ్ళను పక్క బూత్‌కు పంపేశాడు. ఇంతకంటే నేను చేయగలిగింది ఇంకేమీ లేదు. సముద్రం అవతల మనిషి ఉంది, నా చేతిలో ఒక రిసీవరు ఉంది.

మర్నాడు వాళ్ళ బడినుంచే కబురు వచ్చింది. అక్కకు కొద్దిరోజులుగా జ్వరం. పెద్దాసుపత్రి ఉన్న దీవికి తీసుకెళ్ళాలంటే పడవ కావాలి, గాలి బాగా రేగడంతో పడవ కదల్లేదు. గాలి తగ్గేలోపు అక్క లేదు.

అక్క శవంతోపాటు వచ్చిన, ఆ బడిలోనే పనిచేసే కేరళ టీచరు మా ఇంట్లో నేల మీద కూర్చుని అంతా చెప్పింది. ఆదివారం పొద్దున్నుంచి అక్కకు తెలివి సరిగా లేదట. కిటికీ తెరవమని అడుగుతూనే ఉందట, ఆ టీచరుకు తెలుగు రాదు కనుక ఇంగ్లీషులోనే. "తెరిచే ఉంది శారదా అని చెప్పాం. చేయి పట్టుకుని గాలి చూపించాం. అయినా అడుగుతూనే ఉంది. కాసేపటికి తనంతట తనే ఊరుకుంది" అంది.

ఎప్పుడు ఊరుకుందని నేను అడగలేదు. అడిగే ధైర్యం ఈ రోజు వరకూ రాలేదు.

నెల తిరగకముందే ఏజెంటు ఇంటికి వచ్చాడు. చెడ్డమనిషి కాదు. మెల్లగా, మీ అక్క చోటు ఖాళీగా ఉంది, మీరు వెళ్తే వాళ్ళు సంతోషిస్తారు అన్నాడు. నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను.

ఆదివారాలు మాత్రం హాలుకు వెళ్ళేదాన్ని. సిగ్గు విడిచి చెప్తున్నాను, వాళ్ళకు ఇంగ్లీషు నేర్పడానికి కాదు. ఆ కిటికీ పాఠమే మళ్ళీ మళ్ళీ చెప్పేదాన్ని. చెప్పి ఆగేదాన్ని. రోజంతా కుట్టుమిషన్ల దగ్గర వంగి పనిచేసేవాళ్ళు, నా బాధ తెలిసి, విసుక్కోకుండా అదే వాక్యం అనేవాళ్ళు. వెనక ఏమీ లేదు. ఒకరోజు వాళ్ళ ముందే కూలబడి ఏడ్చాను. మునిరత్నమ్మ వచ్చి తల నిమిరింది. "బేజారు పడొద్దు టీచర్. ఈ హాలు, ఈ పాఠాలు నన్ను చూసుకోనీయండి. మీరు ఆ కొండ ఊరికి పొండి" అంది.

వెళ్ళాను. ఏజెంటు ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉందన్నాడు. సముద్రం లేని చోటు కావాలి, అంతే. ఊరు నిజంగానే చల్లగా ఉండేది. పొద్దునపూట కొండలమీద పొగమంచు, గాడిదలమీద కట్టెలు. పిల్లలు చక్కగా పలికేవాళ్ళు. వాళ్ళకు ఆదివారం చర్చి, నాకు సెలవు. గుమ్మంలో కాఫీ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు హాల్లో మునిరత్నమ్మ ఏ పాఠం చెప్తోందో, వెనకవాళ్ళకు నోరు పెగులుతోందో లేదో అనుకునేదాన్ని. ఎంత వద్దనుకున్నా మనసు అక్కడికే పోయేది.

ఒక ఆదివారం సాయంత్రం మునిరత్నమ్మే ఫోను చేసింది. ఆమె ఎప్పుడూ అంత దూరం ఫోను చేసింది లేదు.

"టీచర్, ఒళ్ళు బాగుండాదా?" అంది. బాగుందన్నాను. "నిజంగా బాగుండాదా? జ్వరం గిరం ఏమీ లేదు కదా?" లేదన్నాను. అప్పుడు చెప్పింది. కొన్ని వారాలుగా వెనక బెంచీలో మళ్ళీ గొంతు వస్తోందట.

ఎవరిదని అడిగాను.

"అదే తెలీలేదు టీచర్. మీదో, పెద్ద టీచర్‌దో. మీ అమ్మకే తెలిసేది కాదంటిరి కదా, నాకేం తెలుస్తాది?"

ఏమంటోందని అడిగాను.

"నేనేం చెప్తే అదే. అందుకే ఆ కిటికీ మాట చెప్పేది మానేసినా. ఆదివారం ముందుగానే వచ్చి కిటికీలన్నీ తెరిచి పెడతా ఉండా. మీరు మాత్రం ఒళ్ళు జాగ్రత్త టీచర్."

ఆ సంవత్సరం పూర్తికాగానే తిరిగి వచ్చేశాను. నాకు ఏ జ్వరమూ రాలేదు. వచ్చేసరికి అంగడీ హాలూ అమ్ముడుపోయి, ఆ స్థలంలో అద్దాల ఆఫీసు ఒకటి లేస్తోంది. క్లాసు ఆగిపోయింది. అద్దాల గోడ ముందు నిలబడి పైకి చూశాను. ఆ ఆఫీసుకు తెరిచే కిటికీలే లేవు.

ఇదంతా ఒక డాక్టరుకు చెప్పాను. దుఃఖంలో మనసు అలా చేస్తుందన్నాడు. నా మనసు చేసిందే అనుకుందాం. కిటికీ తెరిచింది నేను కాదే.

ఇప్పుడు కాడుగోడిలో ఉంటున్నాను, ఇక్కడే ఒక బడిలో చెప్తున్నాను. బయటిదేశం వదిలేసి ఇక్కడెందుకు ఉన్నావని అడుగుతారు. ఊరిమీద ప్రేమ అంటాను. మునిరత్నమ్మ విన్న గొంతు నాదైతే, బతికుండగా నేను అక్కడికెలా వెళ్ళానో నాకు తెలియదు. అక్కదైతే, ఆమెకు ఆ ఉక్క ఇంకా తీరలేదు. రెండిట్లో ఏది నిజం కావాలని కోరుకోవాలో కూడా నాకు తెలియడం లేదు.

ఆదివారం పొద్దున లేవగానే ఇంట్లో కిటికీలన్నీ తెరుస్తాను. దుమ్ము వస్తుందని పనమ్మాయి గొణుగుతుంది. మధ్యాహ్నం వరకూ మూయనివ్వను.