తునికి ఒక టికెట్

రాజమండ్రిలో మా ఇంటి ఓనరుగారి భార్య రోజూ నన్ను ఒకటే అడిగేవారు: "ఇవాళ ఏ ఊళ్లు తిరిగొచ్చారండి?" ఊరూరా తిరిగి పంపులు చూసే ఇంజనీరుని కాబట్టి వరసగా చెప్పేవాణ్ణి: కోరుకొండ, సీతానగరం, పురుషోత్తపట్నం. ఒక ఊరు వదిలేస్తే పట్టేసేవారు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో భర్త లేకుండా ఆవిడ వీధి మలుపు దాటలేదు.

ఒకరోజు మెల్లగా అన్నారు: "తునికి ఒక రైలు టికెట్ తీసిపెడతారా? కిటికీ పక్కన. దిగి, టీ తాగి వచ్చేస్తాను."

"తునిలో ఎవరున్నారండి?"

"ఎవరూ లేరు. అందుకే."

ఫోన్‌లో టికెట్ తీశాను. ప్రయాణికురాలి ఫోన్ నంబరు అడిగినచోట, ఆవిడకు ఫోన్ లేదు కాబట్టి, వాళ్లింటి నంబరు వేశాను. ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఓనరుగారిదే. మెసేజ్ ఆయనకు వెళ్లింది.

సాయంత్రం ఆయన నేనుండే మేడమీదికొచ్చి నవ్వుతూనే అన్నారు: "ఏంటి ఇంజనీరుగారూ, మా ఆవిడకి తునిలో పనేంటండి? క్యాన్సిల్ చేసేయండి."

అక్కడే చేసేశాను.

మర్నాడు మెట్ల దగ్గర, ఆయన నంబరు వేసినందుకు ఆవిడను క్షమించమన్నాను. "నంబరుదేముందండి, నన్నడిగినా ఆ నంబరే చెప్పేదాన్ని" అన్నారు.

నంబరు సంగతి ఆవిడ మన్నించారు. కానీ ఆ టికెట్ ఆవిడది. రద్దు చేసేముందు ఆవిడను ఒక్కమాట అడగాలని నాకు తోచనేలేదు.