లావణ్య మెడలోని పెన్ డ్రైవ్

2009లో బెంగళూరు హూడిలో ఓ ఇంటి పైగదిలో నేనూ, నాతో పనిచేసే లావణ్యా అద్దెకుండేవాళ్లం. సీడీ లేకుండానే కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే బూటబుల్ పెన్ డ్రైవ్‌ను తను దారం కట్టి మెడలో వేసుకు తిరిగేది. వీధిలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా పిలుపు తనకే. ఇంటి ఓనరాంటీ ఇచ్చే కాఫీలో మొదటి గ్లాసూ తనకే. నాకు ఒళ్లు మండేది. గుట్టుగా నేనూ అలాంటిదొకటి తయారుచేసుకున్నాను.

ఓ ఆదివారం లావణ్య బజారుకెళ్లినప్పుడు ఆంటీ కంప్యూటర్ ఆగిపోయింది. నేను చేస్తానని నా పెన్ డ్రైవ్ పెట్టి కూర్చున్నాను.

“మా పాప సీమంతం ఫొటోలు దాంట్లోనే ఉండాయమ్మా, జోపానం” అంది ఆంటీ.

ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లన్నీ ఎక్కాయి. కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైంది. తీరా చూస్తే, భాష ఎంచుకోమనే మొదటి తెరే వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ అదే.

“ఇందాకే వచ్చె కదమ్మా ఈ బొమ్మ?”

అంతలో లావణ్య వచ్చింది. తెర వైపు చూసి, జారిన క్లిప్పు తీసుకుంటున్నట్టు వంగి, నేను తీయడం మరిచిన పెన్ డ్రైవ్‌ను లాగి నా గుప్పిట్లో పెట్టింది. అది ఉన్నంతసేపూ కంప్యూటర్ దాన్నుంచే మొదలవుతోందన్నమాట. మళ్లీ ఆన్ చేస్తే ఈసారి చక్కగా తెరుచుకుంది. హార్డ్ డిస్క్‌లో వేరే భాగంలో ఉన్న ఫొటోలు కూడా భద్రంగా ఉన్నాయి.

“నీకన్నా ఈ పాపే బాగా చేసె చూడు లావణ్యా” అంది ఆంటీ.

“అవునాంటీ” అని హాయిగా నవ్వింది లావణ్య.

ఆ రోజు మొదటి గ్లాసు నాకొచ్చింది.

కొన్నాళ్లకు ఆ పని నాకూ బాగా వచ్చింది, పెన్ డ్రైవ్ మీద అసూయ పోయింది. ఆ నవ్వు మీద మాత్రం ఇప్పటికీ పోలేదు.