రెండు కుక్కర్లూ ఒక పొయ్యీ

మా వంటింటి గట్టు మీద మొన్నటి చలికాలంలో కొన్నాళ్ళు రెండు కరెంటు కుక్కర్లు పక్కపక్కన కూర్చున్నాయి. ఒకటి నేను కొన్నది, రెండోది మా తమ్ముడు తెచ్చింది. రెండూ గంటల తరబడి నిదానంగా వండేవే. ఏది మంచిదని ఇప్పుడు ఎవరైనా అడిగితే దొందూ దొందే అంటాను. అప్పుడు మాత్రం నాది గొప్పదని నేను, తనది గొప్పదని వాడు కాట్లకుక్కల్లా కొట్టుకున్నాం. కాకిపిల్ల కాకికి ముద్దు కదా.

అవి మా ఇంటికి రావడానికి కారణం అమ్మ ఊపిరి. మా ఊరు పెదబయలు దాటి లోపలికి వెళ్ళాలి. నేను దగ్గర్లోని బడిలో పాఠాలు చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు, అమ్మతోనే ఉంటాను. అమ్మ పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి కట్టెల పొయ్యి ముందే కూర్చుంది. మా ఇళ్ళకు కిటికీలు తక్కువ, చలికి తలుపులు మూసే ఉంచుతాం, పొగంతా లోపలే తిరుగుతుంది. వానాకాలం చివర్లో దగ్గు పట్టుకుని వదల్లేదు. నాలుగు మాటలు మాట్లాడితే మధ్యలో రెండుసార్లు ఆగి గోడ పట్టుకునేది. పాడేరులో డాక్టరమ్మ ఛాతీకి గొట్టం పెట్టి విని, అమ్మతో కాదు, నాతో చెప్పింది. ఆ పొయ్యి దగ్గర ఇంకో చలికాలం కూర్చుంటే ఈమె మీకు దక్కదు అంది.

గ్యాసు లేదా అని అడగొచ్చు. ఉంది. టీ కాచుకోవడానికి, కూర తాలింపుకి అదే. కానీ మా తిండి గ్యాసుకి లొంగే తిండి కాదు. రాగుల్ని మేం చోళ్ళంటాం, ఆ చోడి అంబలి కాచాలి, కందులు ఉడకాలి, నాటుకోడి ముదురుదైతే పూటంతా ఉడకాలి. సిలిండరు అయిపోతే కొత్తది కొండెక్కి ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని పొద్దంతా ఉడికేవన్నీ కట్టెల మీదే. డాక్టరమ్మ మాట విన్నాక నేను అరకు వెళ్ళినప్పుడు ఒక స్లో కుక్కర్ కొనుక్కొచ్చాను. లోపల బరువైన పింగాణీ కుండ, బయట ఒక మర. మరని తక్కువకి తిప్పొచ్చు, ఎక్కువకి తిప్పొచ్చు, అంతే. ఉదయం బడికి వెళ్తూ తిప్పేసి వెళ్తే నేను వచ్చేసరికి వంట అవుతుంది, అమ్మ పొయ్యి ముట్టించనక్కర్లేదు అనుకున్నాను.

అమ్మ దాని మూత మీద చెయ్యి పెట్టి చూసింది.

"సెగ నేదు, సప్పుడు నేదు. ఇది వొండతందో పడుకుందో ఎవులికి తెలుసు?" అంది.

"సాయంత్రానికి తెలుస్తాది. నువ్వు పొయ్యి ముట్టించకు."

"నిప్పు సూడని కూడు నోటికెల్లదే గుంటా."

నేను బడికి వెళ్ళగానే పొయ్యి రాజేసేది. ఇంటికొచ్చేసరికి బూడిద వెచ్చగా ఉండేది, కుక్కర్లో అంబలి ముట్టకుండా ఉండేది. నేను అరిచేదాన్ని. ఆమె దగ్గేది. అరిచినందుకు నాకే సిగ్గేసేది, ఆ సిగ్గుకి ఇంకా కోపమొచ్చేది.

ఈ సంగతి ఫోన్లో విన్న తమ్ముడు విశాఖ నుంచి దిగబడ్డాడు. వాడక్కడ ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్. వస్తూ వస్తూ పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చాడు. అందులో స్టీలు డబ్బా, ముందువైపు అద్దం, అద్దంలో ఎర్ర అంకెలు, చుట్టూ బొత్తాలు. ప్రెషర్ కుక్కర్‌లాగా వండుతుంది, స్లో కుక్కర్‌లాగా వండుతుంది, పెరుగు తోడుపెడుతుంది, కేకులు కూడా చేస్తుందట. మా ఇంట్లో కేకు అడిగినవాళ్ళెవరో నాకిప్పటికీ తెలియదు.

"అప్పా, నీది ఒట్టి వేడి గిన్నె. ఇదీ మిషనంటే," అన్నాడు, నా కుక్కర్‌ని మోచేత్తో గోడవైపు నెడుతూ. మా వైపు అక్కని అప్పా అనే పిలుస్తారు.

నాకు అక్కడే మండింది. ఏడాదికి రెండుసార్లు వచ్చి, కొండ కింద నుంచి తెలివితేటలు మోసుకొచ్చేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ పడదు. సరే, పోల్చి చూద్దాం అన్నాను. వాడున్న రోజుల్లో ఇద్దరం పోటీపడి వండాం. వాడి మిషన్ వంట అయ్యాక కుయ్ కుయ్‌మని అరిచేది, ఆ అరుపుకి కోళ్ళు వాకిట్లోంచి పరుగెత్తేవి. నాది అరవదు. వాడిది తొందరగా వేడెక్కేది, నాది మొరాయించేది. కానీ మా కొండల్లో కరెంటు ఉంటుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. నా కుక్కర్‌కి మర ఎక్కడ తిప్పితే అక్కడే ఉంటుంది కాబట్టి కరెంటు రాగానే వదిలిన చోట నుంచి అందుకునేది. వాడి మిషన్ అలా కాదు, కరెంటు పోగానే అన్నీ మర్చిపోయేది. వచ్చాక అద్దంలో సున్నాలు చూపిస్తూ, ఎవరైనా వచ్చి మొదట్నుంచి చెబుతారా అన్నట్టు కూర్చునేది.

"అంత చదువుకున్న మిషన్‌కి జ్ఞాపకం లేదేటి?" అన్నాను.

"కరెంటు తప్పుకి మిషన్నంటావేటి?" అన్నాడు.

"కరెంటు ఉన్న ఊరికే పట్టుకుపో."

అమ్మ ఇద్దరినీ చూసి, గడప మీద కూర్చుని దగ్గుతూ నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది. ఎవరి కోసం ఈ గొడవంతా?

అప్పటికి చేనులో రాజ్మా కోసి, వాకిట్లో చాప మీద ఆరబెట్టాం. ఎర్రగా, నున్నగా నిగనిగలాడుతున్నాయి. మా ఇళ్ళలో కొత్త పంటని ఎప్పుడు పడితే అప్పుడు తినరు. ఊరంతా ఒక రోజు అనుకుని కొత్తల పండగ చేస్తారు. ఆ రోజు కొత్త గింజని కొత్త కుండలో, కట్టెల పొయ్యి మీద, ఆ ఇంటి ఆడది వండి దేవుడికీ, పోయిన పెద్దలకీ పెట్టాలి. తర్వాతే ఇంట్లోవాళ్ళు నోట పెట్టాలి. ఆ ఏడు పండగ ఇంకా కాలేదు.

తమ్ముడు తిరిగి వెళ్ళే ముందు రోజు పొద్దున్నే ఆ చాప మీద గింజలు దోసిళ్ళతో తీసి తన మిషన్లో పోశాడు. అమ్మ చూసింది.

"ఒరే, కొత్త పెట్టనేదురా. ముట్టకండి."

"మిషన్‌కి కొత్తేటి, పాతేటమ్మా! ఊరుకో. అప్పకి ఒక్కసారి సూపించి ఎల్లిపోతాను."

స్లో అన్న బొత్తాం నొక్కాడు. నేను పోటీకి నా కుండలో కోడిని వేశాను. పొద్దున కరెంటు రెండుమూడు మాట్లు పోయింది. పోయినప్పుడల్లా వాడు నా వైపు చూడకుండా వెళ్ళి బొత్తాలు నొక్కొచ్చాడు. మధ్యాహ్నం దాటాక మిషన్ అరిచింది. గింజలు పైకి మెత్తగానే కనిపించాయి, కొరికితే మధ్యలో పలుకు తగిలింది. వాడు బాగుందనిపించుకోవడానికి తిన్నాడు. నేను వంక పెట్టడానికి తిన్నాను, సరిగ్గా వంక పెట్టాలని మారు కూడా వేయించుకున్నాను. అమ్మ అంబలి తాగింది, ఆ గింజ వైపు చూడలేదు.

పొద్దు వాలకముందే నాకు కడుపులో తిప్పడం మొదలైంది. వాకిట్లోకి పరుగెత్తితే అప్పటికే తమ్ముడు అరటిచెట్టు పట్టుకుని వంగి ఉన్నాడు. ఆ తర్వాత జరిగింది రాయదగ్గది కాదు. ఎలక్ట్రీషియనూ పంతులమ్మా ఒకే చెట్టుకి చెరోపక్క వేలాడుతూ కక్కుకున్నాం. పక్కింటివాళ్ళు ఆటో పిలిచి ఆసుపత్రికి చేర్చారు. చావు తప్పి కన్ను లొట్టబోయిందన్నట్టు, సెలైను ఎక్కాక మనుషులమయ్యాం.

అక్కడి కుర్రడాక్టరు ఏం తిన్నారని అడిగాడు. చెప్పాం. రాజ్మాలో పచ్చిగా ఉన్నప్పుడు ఒక విషం ఉంటుందని, తెర్లి తెర్లి మరిగితేనే అది చస్తుందని, నులివెచ్చగా పొద్దంతా ఉంచితే చావదని చెప్పాడు. ముందు మంట మీద బాగా మరిగించి ఆ తర్వాత ఈ కుక్కర్లలో వేసుకోవాలట. అయితే మా అప్ప కుక్కర్లో వేసినా ఇంతేనా అని తమ్ముడు అంత నీరసంలోనూ అడిగాడు. ఇంతే అన్నాడు డాక్టరు. వాడి ముఖం కొంచెం తేటపడింది. చేతికి సూది లేకపోతే లేచి కొట్టేదాన్ని.

కట్టెల పొయ్యి మీద ఎవరు వండినా ముందు కుండ తెర్లుతుంది. అందుకే ఇన్ని తరాల్లో ఆ గింజ మా ఊళ్ళో ఎవరినీ ఏమీ చెయ్యలేదు. నెమ్మదిగా వండే యంత్రాలు వచ్చి మాకు ఆ విషం సంగతి నేర్పాయి.

ఇంటికొచ్చి ఇదంతా అమ్మకి చెప్పాను. గింజలో విషం, మరగడం, మంట, అన్నీ పిల్లలకి చెప్పినట్టు చెప్పాను.

"అదే నానూ సెప్పినాను. కొత్త పెట్టకుండా తింటే ఊరుకుంటాదేటి?" అంది.

"దేవుడు కాదమ్మా, గింజ ఉడకలేదు!"

"దేవుడే ఉడకనియ్యనేదు," అంది.

ఊళ్ళో అందరూ ఆమె మాటే అన్నారు. నా మాట విన్నవాళ్ళు లేరు. మర్నాడు లేచేసరికి రెండు కుక్కర్లూ గట్టు మీద లేవు. తమ్ముడి మిషన్ గొడ్లశాలలో గడ్డి మీద ఉంది. నా పింగాణీ కుండలో అమ్మ కోళ్ళకి తౌడు కలుపుతోంది. పొయ్యి భగభగ మండుతోంది. తమ్ముడు ఆ సాయంత్రమే బస్సెక్కాడు. తర్వాత ఫోన్లో మిషన్ తప్పు కాదు, గింజల తప్పు అన్నాడు. ఫోను పెట్టేశాను.

నా కడుపు మండింది అందుకు. ఆమెని ఆ పొగ నుంచి తప్పించడానికి తెచ్చినవే ఆమెని మళ్ళీ ఆ పొగలోకి తోశాయి. ఇప్పుడు ఆమెకి దేవుడి సాక్ష్యం కూడా దొరికింది. పొద్దున మొదలుపెడితే పొయ్యి ఆర్పేది కాదు. దగ్గు ఎక్కువైంది. నీళ్ళ బిందె ఎత్తి గడప దాకా రాలేకపోయేది. నేను ఊదుగొట్టం దాచాను, కట్టెలు తడిపాను. ఆమె తడి కట్టెలతోనే వండింది, పొగ రెట్టింపయింది.

కొత్తల పండగ వచ్చింది. అమ్మ తలంటుకుని, కొత్త కుండ కడిగి, రాజ్మా నానబెట్టి వంటింట్లోకి వచ్చింది. పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది. కుండ తెర్లాలి, గింజ చిదగాలి, అంటే పూటంతా అక్కడే. నేను అడ్డంగా నిలబడ్డాను.

"లెగు."

"తప్పుకో. పెద్దలకి పెట్టాల."

"నువ్వు సచ్చి పెద్దల్లో కలిసిపోతావు, అప్పుడు నీకెవరు పెడతారు?" నోరు జారింది, కానీ వెనక్కి తీసుకోలేదు.

అమ్మ కట్టె కింద పెట్టి నా ముఖంలోకి చూసింది. మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ అంది.

"నువ్వొక మిషను... ఆడొక మిషను... ఊళ్ళన్నీ తిరిగి తెచ్చినారు. ఈ పీట మీద... నాను కూకుంటానమ్మా, నువ్ లెగు అని... ఒక్కులన్నారా?"

నాకు బడి ఉంది, సెలవు లేదు, నాకు పొయ్యి చేతకాదు, అని నోటిదాకా వచ్చాయి. ఆ రోజు బడి లేదు. ఆమె అన్నది నిజమైనందుకు ఇంకా పిచ్చికోపం వచ్చింది. ఆమె చంకల్లో చేతులు వేసి లేవదీశాను. ఎంత తేలికైపోయిందో అప్పుడే తెలిసింది. కాళ్ళు తన్నుకుంటుంటే మోసుకెళ్ళి వాకిట్లో ఎండలో కూర్చోబెట్టి, పరుగున లోపలికొచ్చి తలుపు గడియ పెట్టేశాను. పెళ్ళి కాలేదు కాబట్టి నేనింకా ఆ ఇంటి ఆడదాన్నే. వండే హక్కు నాకూ ఉంది.

కుండ ఎక్కించాను. కట్టెలు ఎగదోశాను. పొగకి కళ్ళు కనిపించలేదు, గొంతు మండింది. ఈ గదిలో ఆమె బతుకంతా కూర్చుందని తలుచుకుంటే ఎవర్ని కొట్టాలో తెలియని కోపం. కుండ తెర్లడం మొదలెట్టింది. తలుపు దబదబలాడింది.

"ఒలే పాడు గుంటా! తలుపు తియ్యి! నీ సేతులిరిగిపోను, నీ జిమ్మడ, నా ఇంట్లోంచి నన్ను గెంటేత్తావే? కొత్త కుండ పగిలిందా నీ పీక నొక్కేత్తాను! ఉప్పు ఇప్పుడెయ్యకు, గింజ సిదిగినాకెయ్యి! మంట సాలదు, ఎగదొయ్యి, బేగి ఎగదొయ్యి! పంతులమ్మంట పంతులమ్మ, పొయ్యి ఊదడం రాదు గానీ తల్లిని మొయ్యడం వచ్చింది దీనికి!"

గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను. అన్ని మాటల్లో ఆమె ఒక్కసారి కూడా ఆగలేదు, దగ్గలేదు. ఆమె నన్ను అంత పొడుగున తిట్టి ఎన్నాళ్ళయిందో! ఇంకా తిట్టించుకోవడం కోసమే తలుపు తియ్యలేదు.