చిన్నల్లుడి చెయ్యి పడని లారీ

ఆ వీధిలో అందరూ అతన్ని పెద్దల్లుడనే అంటారు. అత్తగారి ఇల్లు కూడా అదే వీధిలో ఉండటం వల్ల వచ్చిన పేరది. సొంత లారీ నడుపుతాడు. పాతదే, కానీ స్టీరింగు ఇంకొకరి చేతికివ్వడు. మనిషి మంచివాడు. ఎవరిల్లు మారుతున్నా అడక్కుండానే వెళ్ళి సామాన్లు మోసిపెడతాడు, అద్దాల బీరువానైనా గీత పడకుండా దించుతాడు. ఒక్క విషయంలో మాత్రం అతనంత కుళ్ళుబోతు దీపం పెట్టి వెతికినా దొరకడు. ఆ ఒక్క విషయం, చిన్నల్లుడు.

మరదలి పెళ్ళయ్యేదాకా ఆ ఇంటికి అతనొక్కడే అల్లుడు. ఫ్యాను ఆగినా, తలుపు బిగుసుకుపోయినా అతనికే కబురొచ్చేది. వెళ్ళి నాలుగు దెబ్బలు వేసేవాడు. బాగుపడితే సరే, లేకపోతే "పాతబడిపోయింది అత్తయ్యా" అని తేల్చేసేవాడు. అందరూ కాబోలనుకునేవారు. ఆ తరువాత మెకానిక్ షెడ్డున్న చిన్నల్లుడొచ్చాడు. పాతబడిపోయిందని పెద్దల్లుడు తేల్చినవన్నీ ఒక్కొక్కటే విప్పి, తుడిచి, మళ్ళీ తిప్పి చూపించాడు. పైగా నోరు తెరిస్తే "అన్నయ్యా" తప్ప ఇంకో మాట లేదు. తిట్టుకోవడానికి ఒక్క వంకైనా ఇవ్వని మనిషితో ఎలా వేగాలి? "మా మరిది హస్తవాసే వేరు" అని ఒకసారి భార్య యథాలాపంగా అన్నప్పుడు, పెద్దల్లుడు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయాడు.

అలాంటివాడి లారీ కింద, ఒక సెలవు రోజు పొద్దున్నే, డీజిలు మడుగు కట్టింది.

"మరిదికొక ఫోను కొడితే..." అని మొదలుపెట్టింది భార్య.

"వాడి చెయ్యి నా లారీ మీద పడిందంటే, ఇక నేను స్టీరింగు పట్టను. చెప్తున్నా!"

"రేపు తెల్లారకముందే లోడు ఎత్తాలి కదండీ."

"తెల్లారకముందే ఎత్తుతా. లారీ నాది. కారేదీ నా డీజిలే."

అతను పానాల సంచి తీసుకుని, ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఉన్న లారీ కిందికి దూరాడు. ఫిల్టరు నుంచి పంపుకు వెళ్ళే గొట్టం పొడవునా తడిగా ఉంది. ఎక్కడ పుట్టి ఎక్కడికి పాకుతోందో అంతుపట్టలేదు. సరే, అన్నీ బిగిస్తే ఎక్కడో ఒకచోట ఆగుతుందనుకున్నాడు. చేతికందిన ప్రతి బోల్టునూ పళ్ళు కొరుకుతూ బిగించాడు, ప్రతిదీ చిన్నల్లుడి మెడకాయే అన్నట్టు. ఇంజను వేసి చూస్తే, ఇందాక చుక్కలు చుక్కలుగా పడేది ఇప్పుడు ధారగా పడుతోంది. చచ్చాన్రా దేవుడా అనుకున్నాడు.

భార్య టీ తెచ్చింది. లారీ కిందికి వంగి చూసింది, లోపలికెళ్ళింది, కాసేపటికి పౌడరు డబ్బాతో వచ్చింది.

"శుభ్రంగా తుడిచేసి, పైన ఇది చల్లి, ఇంజను వేస్తే? పౌడరు ముందు ఎక్కడ తడిస్తే అక్కడే కదండీ కారేది?"

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. చెప్పినట్టే చేశాడు. తెల్లగా ఉన్న గొట్టం మీద, ఫిల్టరు దగ్గరి బోల్టు మొదట్లో, ముందుగా ఒక మరక తేలింది. విప్పి చూస్తే లోపలి రాగి వాషర్లు రెండూ నలిగి గీతలు పడ్డాయి. అతను బిగించిన బిగింపుకు అవి ఇంకాస్త నలిగినట్టే ఉన్నాయి. కొత్తవి కొందామంటే దుకాణాలన్నీ మూసున్నాయి.

"అయ్యో, పొయ్యి మీద పాలు!" అని ఆమె మళ్ళీ లోపలికి పరిగెత్తింది. తిరిగొచ్చి అంది, "రాగే కదండీ. డీజిలు లేకుండా తుడిచి, ఎర్రగా కాల్చి నీళ్ళలో వేస్తే మెత్తబడుతుందేమో. మా చిన్నప్పుడు గిన్నెలకు మాట్లు వేసేవాడు అలాగే చేసేవాడు."

పెద్దల్లుడికి ఆమె మీద కొత్తగా ప్రేమ పుట్టుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఇంత బుర్రను వంటింట్లో పెట్టి తలుపేశానా అని నొచ్చుకున్నాడు. వంటింటి పొయ్యి మీదే వాషర్లు కాల్చాడు, చల్లార్చాడు, రుద్ది శుభ్రం చేశాడు. బోల్టు పెట్టేటప్పుడు ఆమె మళ్ళీ వచ్చి, "మరీ బిగించకండి. చేతికి పట్టు తగిలాక ఇంకొంచెం, అంతే" అంది. అలాగే బిగించాడు. గొట్టంలో చేరిన గాలి తీసి, మళ్ళీ తుడిచి పౌడరు చల్లి, ఇంజను వేశాడు. పౌడరు పొడిగా, తెల్లగా అలాగే ఉంది. అతను పొంగిపోయాడు.

పొంగితే ఊరుకునే మనిషా? వెంటనే చిన్నల్లుడికే ఫోను కొట్టాడు.

"ఏం లేదు తమ్ముడూ, ఊరికే చేశా. మన లారీ కాస్త డీజిలు కారిందిలే. నేనే బాగుచేసుకున్నా. మీ వదిన కూడా పక్కనుండి మంచి సలహాలిచ్చింది. ఆవిడ బుర్రే బుర్ర!"

"వదిన తెలివి నాకు తెలియదా అన్నయ్యా!" అన్నాడు చిన్నల్లుడు, ఎంతో మర్యాదగా.

వెనకనుంచి మరదలి గొంతు గట్టిగా వినిపించింది. "మళ్ళీ అక్కేనా? బావ మరీ బిగించేస్తాడని చెప్పమన్నాగా, చెప్పారా?"

అటువైపు ఫోను చటుక్కున కట్టయింది.

పెద్దల్లుడికి తలకొట్టేసినట్టయింది. పాలు, పౌడరు, మాట్లు వేసేవాడు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. లారీని తాకకుండానే ఆ చిన్నల్లుడు లారీ బాగుచేసేశాడు. పానా తీసుకుని మళ్ళీ లారీ కిందికి దూరి, ఆ బోల్టునే వదులు చేశాడు. డీజిలు అరచేతిలోకి కారింది. చల్లగా ఉంది. కారనీ అనుకున్నాడు. మొదటినుంచి తానే, ఎవడూ చెప్పకుండా, తన బుర్రతోనే బాగుచేస్తాడు.

పానా చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే పడుకున్నాడు. ఏం చేయాలో ఆలోచిస్తే చిన్నల్లుడు చెప్పించిందే గుర్తొస్తోంది. ఇంకో దారి తోచలేదు. తెలిసినదాన్ని మళ్ళీ తెలియకుండా చేసుకోవడం అతనివల్ల కాలేదు.

భార్య వచ్చి లారీ పక్కన గొంతుక్కూర్చుంది. చెల్లెలు ఆమెకు ఫోను చేసినట్టుంది.

"అతని చెయ్యి పడలేదు కదండీ. అంతా మీ చేత్తోనే చేశారు. నలుగురూ నవ్వుతారనే కదా నేను చాటుగా అడిగాను."

అతను బోల్టు మళ్ళీ పట్టుకున్నాడు. చేతికి పట్టు తగిలేదాకా తిప్పాడు, ఆపైన ఇంకొంచెం, అంతే. డీజిలు ఆగింది.

"నువ్వు ఫోను చేసినప్పుడు, వాడు నవ్వాడా?" అని అడిగాడు.

"లేదండీ. 'నేను చెప్పానని అన్నయ్యకి తెలియనివ్వకు వదినా, చిన్నబుచ్చుకుంటాడు' అన్నాడు."

పెద్దల్లుడు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"నవ్వినా బాగుండేది" అన్నాడు.