రాయమల్లు కళ్లు తెరిచిన ఫోటో

గోదావరిఖనిలో దీప ఫోటో స్టూడియో యజమాని సదానందం వెలుతురు కోసమే పుట్టినవాడు. తండ్రి ఉద్యోగం తనకు వస్తే బొగ్గుబాయిలోకి దిగి, మొదటి షిఫ్టు పూర్తికాకముందే పైకొచ్చి, "లోపల లైటింగ్ మంచిగ లేదు" అని నౌకరీ వదిలేసిన ఏకైక పురుషుడని కాలనీలో అతనికి పేరు. కెమెరా ఎవడైనా కొంటాడు, వెలుతురును మచ్చిక చేసుకోవడమే అసలు విద్య అని అతని సిద్ధాంతం. ఫ్లాషు వెలుగు నేరుగా ముఖాన పడితే అది అడవి దున్నపోతట. తెల్ల గొడుగులోంచి వస్తే పాడి బర్రె అట. సాఫ్ట్‌బాక్సు అనే గుడ్డపెట్టెలోంచి వస్తే కాచి చల్లార్చిన పాలట.

ఈ జ్ఞానాన్ని హైదరాబాదులో ఒక శిక్షణ శిబిరంలో ఆర్జించి, వస్తూ వస్తూ ఒక తెల్ల గొడుగునూ, నల్లగుడ్డతో కుట్టిన పెద్ద సాఫ్ట్‌బాక్సునూ రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. భార్య సంధ్యారాణి ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి, "గిది దోమతెరనా, కోళ్ల గూడా?" అని అడిగింది. విద్వాంసులు ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పరు.

అంతటి విద్వాంసుడికీ రాయమల్లు రూపంలో గండం వచ్చింది.

సదానందానికి వరసకు బావయ్యే రాయమల్లు బాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా ప్రాపులు, అంటే దుంగలు, నిలబెట్టడం అతని పని. లోపల ఎదుటివాడి టోపీలైటు ముఖాన పడితే కళ్లు మూసుకోవడం అలవాటై, ఆ అలవాటు అతనితోపాటు పైకి కూడా వచ్చేసింది. పెళ్లి ఫోటో మొదలు ఓటరు కార్డు దాకా అతను కళ్లు తెరిచిన సాక్ష్యం లోకంలో ఎక్కడా లేదు. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఒకడు కార్డునూ మనిషినీ మార్చి మార్చి చూసి, "ఒక్కపారి కండ్లు మూయి కాకా" అన్నాడట. మూశాక, "ఆఁ, నువ్వే, పో" అని లోపలికి వదిలాడట.

నెలాఖరున రాయమల్లు రిటైరవుతున్నాడు. సన్మానసభలో పెట్టడానికి దంపతుల ఫోటో పెద్దది కావాలి. "కండ్లు తెరిచి ఉంటెనే నేను పక్కకు కూసుంట. లేకుంటె వద్దు" అని భార్య మల్లక్క తేల్చి చెప్పింది.

ఈ సంగతి టీకొట్టు ఎల్లేశం దాకా వెళ్లింది.

"సదన్నా, గది నీతోని గాదు" అన్నాడు ఎల్లేశం గ్లాసు కడుగుతూ.

సదానందానికి పౌరుషం పొడుచుకొచ్చింది. "బావ కండ్లు తెరిపియ్యకుంటె స్టూడియో బోర్డు దించుత! మంచిర్యాలకు పోయి కూరగాయలమ్ముత!"

"నీకు గదే నయం. వంకాయలు కండ్లు మూయవు."

ఇలా నలుగురి ముందు భీషణ ప్రతిజ్ఞ జరిగిపోయింది.

మరునాడు పొద్దున దంపతులు స్టూడియోకు వచ్చారు. మల్లక్క పట్టుచీరలో ఉంది. రాయమల్లు తెల్లచొక్కా వేసుకుని, బాయిలో పైకప్పును తట్టి చప్పుడు వినే కర్రను డ్యూటీ లేకున్నా చేత పట్టుకుని ఉన్నాడు.

సదానందం ముందు గొడుగు విప్పాడు.

"ఇంట్ల గొడుగు విప్పుతవా తమ్మీ? అరిష్టం గాదు?" అంది మల్లక్క.

"అక్కా, గిది వానకు గాదు, వెలుతురుకు."

"వెలుతురుకు గొడుగేంది, జలుబు జేస్తదా?"

ఫ్లాషు వెలిగింది. గొడుగులోంచి వచ్చిన మెత్తటి వెలుగులో రాయమల్లు కళ్లు మెత్తగా మూసుకున్నాయి. మళ్లీ వెలిగింది. మళ్లీ మూసుకున్నాయి. సదానందానికి కళ్లముందు వంకాయలు కదలాడాయి.

చివరి అస్త్రంగా సాఫ్ట్‌బాక్సును స్టాండుకు బిగించి, దంపతుల తలలపైకి వంచాడు. రాయమల్లు తలెత్తి ఆ నల్లటి పెట్టెను చూశాడు. లేచి కర్రతో తట్టాడు. డబ్, డబ్ అంది. మళ్లీ తట్టి చెవి పెట్టి విన్నాడు. వెంటనే భార్య రెక్క పట్టి ఇవతలికి గుంజాడు.

"ఏమైంది బావా?"

"బోలు చప్పుడొస్తున్నది బామ్మర్ది. గిసొంటి కప్పు కింద కూసున్నోడు మల్ల లేవడు."

"అయ్యో, అది గుడ్డ డబ్బా! లోపల ఫ్లాషు తప్ప ఏం లేదు."

"ఏం లేదు గాబట్టే బోలు. ప్రాపు పెట్టు. లేకుంటె మీ అక్కను గూసోనియ్య."

సాఫ్ట్‌బాక్సుకు ప్రాపు పెట్టాలని శిక్షణ శిబిరంలో ఎవరూ చెప్పలేదు. గత్యంతరం లేక, కొత్త దంపతులు మోచెయ్యి ఆనించుకునే రంగుల కొయ్య స్తంభాన్ని మూలనుంచి ఈడ్చుకొచ్చాడు. రాయమల్లు దాన్ని పెట్టె కింద నిట్టనిలువుగా నిలిపి, పైన సందులో చెక్క చీలిక దూర్చి చెప్పుతో కొట్టి బిగించి, ఊపి చూసి, అప్పుడు కూర్చున్నాడు. స్తంభం దంపతుల నడుమకు వచ్చింది.

"ఇగ ఇటు జూడు బావా."

"ఇటు జూస్తే కప్పునెవరు జూస్తరు, మీ నాయినా?"

రాయమల్లు చూపు పెట్టె మీదనుంచి దిగలేదు. ఫ్లాషు వెలిగింది. సదానందం కెమెరా వెనక చిన్న తెరలోకి చూశాడు. రెండు కళ్లూ బార్లా తెరిచి ఉన్నాయి! అనుమానం ఉన్న కప్పు కింద టింబర్‌మన్ రెప్ప వేయడు.

ఫోటో ముందుగా ఎల్లేశం న్యాయస్థానానికి వెళ్లింది. అతను చాలాసేపు పరీక్షించాడు. "పైకే జూస్తున్నడు గని, తెరిచే ఉన్నయి. ఎటు జూడాలన్నది ప్రతిజ్ఞల లేకుండె" అని తీర్పిచ్చాడు. బోర్డు నిలిచింది.

సభలో వక్త ఒకాయన ఆ ఫోటోను చూపి, మన రాయమల్లన్న ఉజ్జ్వల భవిష్యత్తు వైపు చూస్తున్నాడని గద్గదస్వరంతో చెప్పాడు. వచ్చేనెల రిటైరయ్యే పోశం తనకూ అలాంటి ఫోటోనే కావాలని, ప్రాపు మరిచిపోవద్దని అక్కడికక్కడే సదానందానికి చెప్పాడు. మల్లక్క ఒక్కతే మూతి ముడుచుకుని నిలబడింది.

"ఇన్నేండ్లకు కండ్లు తెరిచిండు. తెరిచి నన్ను జూడలె, డబ్బను జూసిండు. నా సగం మొఖం దుంగెనుకకే పాయె."

"నీ మీద పడొద్దనే జూసిన గదనే" అన్నాడు రాయమల్లు.

ఇంటికి వచ్చాక ఫోటో తగిలించడానికి మేకు కొట్టబోతూ, రాయమల్లు కర్రతో గోడను తట్టి చూశాడు.

"మంచిగున్నదా?" అంది మల్లక్క.

"గట్టిగున్నది. నువ్వు మాత్రం జర పక్కకు జరుగు."